“ఆఫెన్” అను మాట: ఎన్ని మారులైన తరచు అనవచ్చును?



ఆంగ్లభాషలో మన పిల్లలు చిన్న తరగతులలోనే నేర్చుకొను మాటలలో “ఆఫెన్” అనునది యొకటి. దీని అర్థమేమని అడిగినయెడల ఏ బాలుడైనను “తరచుగా” అని వెంటనే చెప్పును. ఆ జవాబు తప్పు కాదు. అయితే ఒక పని ఎన్ని మారులు జరిగినయెడల తరచుగా జరిగినదనవచ్చును? ఆ మాటను వాక్యములో ఎక్కడ ఉంచవలెను? దానిని విడిచిపెట్టి సరియైన లెక్క చెప్పవలసిన సమయమేది? ఈ మూడు సంగతులు తెలిసినప్పుడే ఆ మాట మనకు వచ్చినట్లు. నేడు గ్రామములలోని బడులలో సయితము ఆంగ్లములో పాఠములు చెప్పుచున్నారు. సాయంకాలమున బిడ్డల ప్రక్కన కూర్చుండి చదివించు తలిదండ్రులకు అక్కరకు వచ్చునని తలంచి, ఈ నెల పాఠముగా ఈ మాటను తీసికొనుచున్నాము.

ఉదాహరణములు కొన్నింటిని హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురానుండి తీసికొందము. మన గ్రామములనుండి పిల్లలను విహారయాత్రకు తీసికొని వెళ్లువారికి ఆ చోటు తెలియును. 1963వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ప్రజలకొరకు తెరవబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల అక్కడనే యున్నది. సుమారు 380 ఎకరముల ఆ తోటను ఆనుకొని మీర్ ఆలం చెరువు గలదు. అచ్చటి వీధులలో తెలుగు, ఉర్దూ, ఆంగ్లము మూడును వినబడును. మనము “తరచుగా” అను చోట ఉర్దూ మాటలాడువారు “అక్సర్” అందురు. బడిపిల్లలు “ఆఫెన్” అందురు.

1. మాట యొక్క పుట్టుక

ఈ మూడు మాటలు ఒకే పనికి వచ్చుచున్నను వాటి పుట్టుక వేరు. మన “తరచు” అను మాటకు దట్టము అను అర్థము కూడ కలదు. చేనిలో విత్తనములు దగ్గరదగ్గరగా పడిన చోట పైరు తరచుగా మొలచినదందుము. అట్లే కాలమను చేనిలో ఒక పని దగ్గరదగ్గరగా జరిగినయెడల అది తరచుగా జరిగినదని చెప్పుచున్నాము. “అక్సర్” అనునది అరబ్బీనుండి వచ్చినది. దాని మూలార్థము “మరి ఎక్కువ” అనుట. కావున ఆ మాటలో ఎక్కువ భాగము అను భావము దాగియున్నది.

ఆంగ్లమునకు వచ్చినయెడల, దాని పాత రూపము “ఆఫ్ట్” అనునది. దానికి తోక చేరి తరువాతి కాలమున “ఆఫెన్” అయినది. 1611వ సంవత్సరమున అచ్చుపడిన ఆంగ్ల బైబిలులో ఈ రెండు రూపములును కనబడును. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయములో ప్రభువు బల్లను గూర్చిన భాగమును చూడుడి. ఆ పాత ఆంగ్ల అనువాదములో 25వ వచనమున “ఆఫ్ట్” అనియు, దాని వెంటనే 26వ వచనమున “ఆఫెన్” అనియు ఉన్నది. అర్థములో భేదమేమియు లేదు. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయము 23వ వచనములో పౌలు తిమోతికి పదే పదే వచ్చు బలహీనతలను గూర్చి చెప్పిన చోట, ఆ మాట నామవాచకమునకు ముందు విశేషణముగా నిలిచినది. నేటి ఆంగ్లములో అట్లు వాడరు; అక్కడ “ఫ్రీక్వెంట్” అను మాటను ఉంచుదురు. పాత బైబిలు చదివి ఆంగ్లము నేర్చినవారు దీనిని గమనింపవలెను.

ఉచ్చారణ విషయమై బడులలో వాదము కలదు. ఈ మాట వ్రాతలో “టి” అను అక్షరమున్నది. దానిని పలుకక “ఆఫెన్” అనువారును, పలికి “ఆఫ్టెన్” అనువారును ఉన్నారు. పూర్వము ఆ ధ్వని నోటినుండి జారిపోయినది. “సాఫెన్”, “లిసెన్” వంటి మాటలలో జారిపోయినట్లే. చదువు వ్యాపించి, అక్షరములను చూచి పలుకుట అలవాటైన తరువాత అది కొందరి నోట మరల వచ్చినది. నేటి నిఘంటువులు రెండింటిని అంగీకరించుచున్నవి. కావున ఒక బిడ్డ ఏ విధముగా పలికినను దండింపనక్కరలేదు.

2. మెట్ల వరుసలో దాని స్థానము

ఈ మాటను ఒంటరిగా నేర్చుకొనుటకంటె దాని తోడివారితో కలిపి నేర్చుకొనుట మేలు. పైనుండి క్రిందికి ఆరు మెట్లు ఉన్నవని తలంచుడి: ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, సెల్డమ్, నెవర్. తెలుగులో వీటిని ఎల్లప్పుడు, సామాన్యముగా, తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా, ఎన్నడును కాదు అని చెప్పుకొనవచ్చును.

రైతులకు వర్షమే మంచి ఉపాధ్యాయుడు. నైరుతి ఋతుపవనములు తెలంగాణమునకు సామాన్యముగా జూన్ నెలలో వచ్చును, ఇది “యూజువల్లీ”. జూలై, ఆగస్టు నెలలలో తరచుగా వానలు పడును, ఇది “ఆఫెన్”. ఎండకాలములో అప్పుడప్పుడు వడగండ్లు పడును, ఇది “సమ్‌టైమ్స్”. జనవరిలో వాన అరుదు, ఇది “సెల్డమ్”. సూర్యుడు ఎల్లప్పుడు తూర్పుననే ఉదయించును గనుక “ఆల్వేస్”; పడమట ఎన్నడును ఉదయింపడు గనుక “నెవర్”.

అయితే “ఆఫెన్” అనుటకు ఇన్ని మారులు జరుగవలెనని ఒక అంకె ఏర్పరచబడలేదు. అది ఆ పనిని బట్టి మారును. ఒక కుటుంబమువారు సంవత్సరమునకు మూడు మారులు జంతుప్రదర్శనశాలకు వెళ్లినయెడల వారు తరచుగా వెళ్లుచున్నారని ఇరుగుపొరుగువారు అందురు. అదే కుటుంబము సంవత్సరమునకు మూడు మారులే భోజనము చేసినయెడల దానిని తరచు అందుమా? ఏ పనికి ఎంత అవకాశమున్నదో, ఎంత ఎదురుచూడదగునో దానిని బట్టియే ఈ మాట కొలవబడుచున్నది.

మరియొక హెచ్చరిక. నియమమును చెప్పవలసిన చోట ఈ మాటను వాడరాదు. ఆ జంతుప్రదర్శనశాలకు సోమవారము వారపు సెలవు. పిల్లలను తీసికొనివచ్చు పెద్ద ఒకరు “సోమవారము తరచుగా మూసియుందురు” అని చెప్పిరనుకొనుడి. వినువారు “ఈ సోమవారము తెరచియుండునేమో” అని ఆశపడి బయలుదేరవచ్చును. బస్సు కిరాయి, పిల్లల దినము రెండును వ్యర్థమగును. “ది జూ ఈజ్ క్లోజ్డ్ ఆన్ మండేస్” అనుటయే చాలును.

3. వాక్యములో దాని చోటు

ఈ మాట ప్రధాన క్రియకు ముందు నిలుచును: “వుయ్ ఆఫెన్ గో టు బహదూర్‌పురా.” “ఈజ్”, “ఆర్”, “వాజ్” వంటి మాటలున్నచో వాటి తరువాత నిలుచును: “ది బస్ ఈజ్ ఆఫెన్ లేట్.” సహాయక క్రియ, ప్రధాన క్రియ రెండును ఉన్నప్పుడు ఆ రెంటి నడుమ నిలుచును: “వుయ్ హావ్ ఆఫెన్ సీన్ ది లేక్.”

తెలుగువారు ఇక్కడ ఒక పొరపాటు చేయుదురు. మన భాషలో అలవాటును క్రియయే చెప్పును. “అతడు వచ్చుచుండును” అన్నప్పుడు, “తరచుగా” అని వేరుగా చెప్పకపోయినను, మరల మరల వచ్చునను భావము దానిలో ఇమిడియున్నది. దీనిని మాటకు మాటగా మార్చి మన పిల్లలు “హి ఈజ్ ఆఫెన్ కమింగ్” అని వ్రాయుదురు. ఆంగ్లములో ఆ రూపము ముఖ్యముగా ఇప్పుడు జరుగుచున్న పనికి చెల్లును. అలవాటుకు “హి ఆఫెన్ కమ్స్” అని సామాన్య వర్తమానమును వాడవలెను.

“మెనీ టైమ్స్” అనుటకును “ఆఫెన్” అనుటకును భేదమున్నది. ఒకడు బాల్యములో పాతబస్తీలో కాపురముండి ఆ చెరువును పదిమార్లు చూచి, ముప్పది ఏండ్లుగా అటు వెళ్లలేదనుకొనుడి. అతడు దానిని “మెనీ టైమ్స్” చూచినవాడే. కాని “ఆఫెన్” వెళ్లువాడు కాడు. మొదటిది మొత్తమును లెక్కించును. రెండవది కాలములో ఆ పని ఎంత దట్టముగా ఉన్నదో చెప్పును.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది “కాదు” అను మాటతో దీని పొందిక. “ఆ సోదరుడు ఆరాధనకు తరచుగా రాడు” అని తెలుగులో అన్నప్పుడు రెండర్థములు రావచ్చును. వచ్చుట తక్కువ అని ఒకటి. మానుట తరచు అని మరియొకటి. ఆంగ్లములో వీటికి రెండు వాక్యములున్నవి. “హి డజ్ నాట్ ఆఫెన్ కమ్” అనగా వచ్చుట అరుదు. “హి ఆఫెన్ డజ్ నాట్ కమ్” అనగా రాకపోవుట తరచు. సంవత్సరమునకు 52 ఆదివారములు గలవు. ఒకరు 32 ఆదివారములు వచ్చి 20 ఆదివారములు మానిరనుకొనుడి. రెండవ వాక్యము వారి విషయమై నిజము, మొదటిది అన్యాయము. బడిలో ఒక విద్యార్థిని గూర్చి గాని, సంఘపుస్తకములో ఒక సభ్యుని గూర్చి గాని వ్రాయుచున్నప్పుడు ఒక చిన్న మాట చోటు తప్పినందున ఒకని మంచిపేరు పోవచ్చును. సందేహమున్నచో “52లో 32 ఆదివారములు వచ్చెను” అని లెక్కనే వ్రాయుట క్షేమము.

4. తరచు అనునది బరువును చెప్పదు

బహదూర్‌పురాకు ఉత్తరమున మూసీ నది ప్రవహించుచున్నది. దానిపై 1578లో కట్టబడిన పురానాపూల్ అచ్చటికి దూరము కాదు. ఆ మూసీ 1908 సెప్టెంబరు 28వ తేదీన పొంగి నగరమును ముంచినప్పుడు వేలమంది ప్రాణములు పోయినవి. ఆ తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి వారి సలహా తీసికొనిరి. వరదనాపుటకు నగరమునకు ఎగువన రెండు జలాశయములు కట్టబడెను. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

“మూసీ అంతగా తరచుగా పొంగదు” అని 1908కి ముందు ఎవరైన చెప్పియుండిన అది అబద్ధము కాదు. అయితే ఆ మాటను నమ్ముకొని ఏటి ఒడ్డున నిర్భయముగా నిద్రించుట జ్ఞానము కాదు. ఒక సంగతి ఎన్ని మారులు జరుగునో తెలిసినంత మాత్రమున అది ఎంత గొప్పదో తెలియదు. తరచుగా వచ్చు చిరుజల్లు తడిపి పోవును. ఒక్కమారు వచ్చిన వరద ఇంటిని తీసికొనిపోవును. ఇంటిలోను అంతే. పదిమార్లు పలికిన చిన్న మాటను మరచిపోదుము. ఒక్కమారు పలికిన క్రూరమైన మాట ఏండ్ల తరబడి నిలుచును. “నేను తరచుగా అట్లు అనను గదా” అనుట దానికి జవాబు కాదు.

5. “హౌ ఆఫెన్” అని అడిగినప్పుడు

“హౌ ఆఫెన్” అనగా ఎన్నాళ్లకొకమారు, లేక ఎంత కాలములో ఎన్ని మారులు అని అర్థము. దీనికి జవాబులో రెండు భాగములుండవలెను: మారుల సంఖ్య, కాలము యొక్క కొలత. “ట్వైస్ ఎ డే” అనగా దినమునకు రెండు మారులు. “వన్స్ ఎ వీక్” అనగా వారమునకు ఒకమారు. “ఎవ్రీ ఎయిట్ అవర్స్” అనగా ఎనిమిది గంటలకొకమారు. పిల్లల విజ్ఞానశాస్త్ర పుస్తకములో కనబడు పౌనఃపున్యము అను పెద్ద మాటకును ఇదియే అర్థము. పునః పునః, అనగా మరల మరల జరుగుట. మన ఇండ్లలోని విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములు చేయునని చెప్పునప్పుడు సంఖ్య, కాలము రెండును అందులోనున్నవి.

ఈ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పుటలో ప్రాణమే ఆధారపడియుండు సమయము కలదు. జ్వరముతో ఆసుపత్రికి పోయినప్పుడు వైద్యుడు “జ్వరము ఎంత కాలమునకొకమారు వచ్చుచున్నది?” అని అడుగును. “తరచుగా వచ్చుచున్నదండి” అని మనము చెప్పుదుము. ఆ జవాబు వైద్యునికి ఎక్కువ సహాయము చేయదు. మలేరియాలో ఒక రకము 48 గంటలకొకమారు, మరియొక రకము 72 గంటలకొకమారు జ్వరమును తెచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. జ్వరము ప్రతి రోగిలోను అంత క్రమముగా రాదు. రక్తపరీక్షయే నిశ్చయము చేయును. అయినను “సోమవారము సాయంకాలము వచ్చినది, మంగళవారము లేదు, బుధవారము మరల వచ్చినది” అని చెప్పువాడు వైద్యునికి దారి చూపుచున్నాడు. మలేరియా క్రిమి దోమలో పెరుగుచున్నదని రొనాల్డ్ రాస్ గారు కనుగొనినది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన. ఓపికతో దోమ వెంబడి దోమను కోసి చూచినందుననే వారికి ఆ సత్యము దొరికెను. కావున ఇంటిలో ఎవరికైన జ్వరము వచ్చినయెడల దినమును, గంటను ఒక కాగితముపై వ్రాసి ఉంచుడి. మందు విషయములోను “దినమునకు ఎన్ని మారులు, ఎన్ని గంటల ఎడముతో?” అని అడిగి తెలిసికొనుడి.

6. పౌలు చేసిన లెక్క

ఎప్పుడు లెక్క చెప్పవలెనో, ఎప్పుడు “తరచు” అనవలెనో కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయమునుండి నేర్చుకొనవచ్చును. 24, 25 వచనములలో పౌలు తన శ్రమలను చెప్పుచు దెబ్బలు తిన్నది అయిదు మారులనియు, బెత్తములతో కొట్టబడినది మూడు మారులనియు, రాళ్లతో కొట్టబడినది ఒకమారనియు, ఓడ పగిలినది మూడు మారులనియు లెక్క చెప్పుచున్నాడు. 26, 27 వచనములలో ప్రయాణములు, జాగరణములు, ఉపవాసములు వచ్చినప్పుడు అంకెలు ఆగిపోవుచున్నవి. పాత ఆంగ్ల అనువాదములో అక్కడ “ఆఫెన్” అను మాటయే మరల మరల వచ్చుచున్నది. లెక్కింపగలిగినవాటిని అతడు పెంచి చెప్పలేదు; రాళ్లదెబ్బ ఒక్కమారే గనుక ఒక్కమారనియే చెప్పెను. లెక్కకు అందనివాటికి మాత్రమే “తరచు” అను మాటను ఉంచెను. శ్రమపడినవాడు తన శ్రమను చెప్పుకొనునప్పుడు సయితము ఇంత జాగ్రత్తగా మాటలాడెను.

మనమో, కోపము వచ్చినప్పుడు ఆ ఆరు మెట్లలో పై మెట్టుకును క్రింది మెట్టుకును ఒక్క గంతులో చేరుదుము. “నీవు ఎప్పుడూ ఇంతే” అని భర్త భార్యతోను, “మీరు ఒక్కనాడైనను నా మాట వినలేదు” అని భార్య భర్తతోను అనుట మన ఇండ్లలో వినబడుచున్నది. నిజము చూచినయెడల అది “సమ్‌టైమ్స్” గాని, మహా అయితే “ఆఫెన్” గాని అయియుండును. “అప్పుడప్పుడు ఇట్లు జరుగుచున్నది” అన్నయెడల మాటలాడుకొనుటకు చోటుండును. “ఎప్పుడూ” అన్నయెడల ఎదుటివాడు తాను మేలు చేసిన దినములన్నియు కొట్టివేయబడినవని బాధపడును; అక్కడనుండి కలహమే.

పేతురు కూడ ఒక “హౌ ఆఫెన్” ప్రశ్న అడిగెను. తప్పు చేసిన సహోదరుని ఎన్ని మారులు క్షమింపవలెననియు, ఏడు మారులు చాలునాయనియు మత్తయి 18వ అధ్యాయము 21వ వచనములో అడిగినప్పుడు, లెక్క పెట్టుకొనుచు కూర్చుండుటకు వీలులేని సంఖ్యను ప్రభువు అతనికి చెప్పెను. ఎదుటివాని తప్పును గూర్చి మాటలాడునప్పుడు సరియైన లెక్క కావలెను. క్షమించునప్పుడు లెక్క అక్కరలేదు. ఈ రెంటిని తారుమారు చేయుటచేతనే మన ఇండ్లలోను సంఘములలోను అనేక గాయములు కలుగుచున్నవి.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను పిల్లలచేత ఆంగ్లములో చెప్పించుడి.

(1) బస్సు తరచుగా ఆలస్యమగును. (2) మీరు మీ ఊరికి ఎన్నాళ్లకొకమారు వెళ్లుదురు? (3) మా అక్క నాకు తరచుగా ఫోను చేయుచుండును. (4) నేను ఆ చెరువును అనేక మారులు చూచితిని. (5) అతడు బడికి వచ్చుట అరుదు.

జవాబులు: (1) ది బస్ ఈజ్ ఆఫెన్ లేట్. (2) హౌ ఆఫెన్ డు యు గో టు యువర్ విలేజ్? (3) మై సిస్టర్ ఆఫెన్ కాల్స్ మి. (4) ఐ హావ్ సీన్ దట్ లేక్ మెనీ టైమ్స్. (5) హి సెల్డమ్ కమ్స్ టు స్కూల్; లేక, హి డజ్ నాట్ ఆఫెన్ కమ్ టు స్కూల్.

పెద్దలకు ఒక అభ్యాసము: రాబోవు వారములో ఇంటిలో “ఎప్పుడూ”, “ఒక్కనాడైనను” అను మాటలు నోటికి వచ్చినప్పుడెల్ల ఒక్క క్షణము ఆగి, నిజముగా ఎన్ని మారులు జరిగినదో లెక్కించి, ఆ లెక్కకు తగిన మాటనే పలుకుడి.